బంగారు రేకుల సంగతి తేల్చుకోవడానికి హామిల్టన్ వెళ్లాం

మేము హామిల్టన్ వెళ్లొచ్చి ఇంకా రెండు నెలలు కాలేదు. ఈలోపే మేముండే బోటనీ డౌన్స్‌లోని తెలుగువాళ్లలో ఆ ప్రయాణం గురించి మూడు కథలు తిరుగుతున్నాయి. రాజ్యలక్ష్మి కూతురి పెళ్లి చెడగొట్టడానికి నేను వెళ్లానని ఒకటి. అక్కడ నేను మతం పుచ్చుకున్నానని ఇంకొకటి. గుడి గేటు దగ్గర రాజ్యలక్ష్మి ఎవరినో పట్టుకుని దులిపేసిందని మూడోది. మూడోదాంట్లో కొంత నిజం ఉంది గానీ అది గేటు దగ్గర జరగలేదు. ఒక గ్రంథం ఎలా పుట్టిందన్న ప్రశ్న పట్టుకుని వెళ్లిన మనిషిని నేను. నా ప్రయాణమే ఎలా జరిగిందో తలా ఒక రకంగా చెప్పుకుంటుంటే ఊరుకోవడం ఏం బాగుంటుంది? పైగా, కారు లేకుండా హామిల్టన్ వెళ్లి రావాలనుకునేవాళ్లకు ఇందులోని బస్సుల సంగతులు పనికొస్తాయి. అందుకని రాస్తున్నాను.

రాజ్యలక్ష్మి ఇల్లు మా వీధిలోనే. గుంటూరు మనిషి. భర్త ఆనందరావు గారికి ఐటీ ఉద్యోగం. ఒక్కతే కూతురు లహరి, ఐదో ఏట ఈ దేశం వచ్చింది, ఇప్పుడు హామిల్టన్‌లో ఒక ల్యాబ్‌లో పని చేస్తుంది. నేను భీమవరంలో పెరిగాను. చదువు ఇంటర్‌తో ఆగింది. మాల్‌లోని బేకరీలో తెల్లవారుజాము షిఫ్టు ముగించుకుని, ఏప్రన్ విప్పి, తిన్నగా లైబ్రరీలోకి వెళ్లడం నాకు అలవాటు. కాలేజీలో దొరకనిది నాకు ఆ కిటికీ పక్క కుర్చీలో దొరికిందని ఎవరి ముందైనా గర్వంగా చెప్పుకుంటాను.

ఒకరోజు రాజ్యలక్ష్మి మా వంటింట్లోకి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది. లహరి పెళ్లి చేసుకుంటానంటున్న అబ్బాయి పేరు విరెము. మావోరీ కుర్రాడు, అంటే ఈ దేశపు మూలవాసి. డెయిరీ ఫారాల్లో పాలు పితికే మిషన్లు బాగుచేసే కంపెనీలో పని. వాళ్ల కుటుంబం మోర్మన్ మతస్థులు, బైబిలుతో పాటు ఇంకో గ్రంథాన్ని కూడా దేవుడే పంపాడని నమ్మే క్రైస్తవులు.

"వదినా, నాకు అబ్బాయి మీద ఏం లేదు. మావోరీ అయితే ఏంది, మనకన్నా వాళ్లకే చుట్టాలు ఎక్కువ. నా పేచీ అంతా ఆ గుడితోనే" అంది.

హామిల్టన్ పక్కన కొండ మీద మోర్మన్ల గుడి ఉంది. అక్కడ పెళ్లి జరిగితే, సంఘంలో సభ్యులై, అర్హత పత్రం ఉన్నవాళ్లే లోపలికి వెళ్లాలి. పెళ్లికూతురి తల్లైనా సరే, సభ్యురాలు కాకపోతే బయటే.

"అంటే నా కూతురి పెళ్లికి నేను కారు పార్కింగులో కూర్చోవాలా?"

"గుడిలో చేసుకుంటామని వాళ్లు అన్నారా?"

"ఇంకా అన్లేదు. రేపు అంటే? నువ్వే ఆలోచించు. ఆ పుస్తకం నిజంగా దేవుడే పంపించాడని నమ్మేవాడు గుడిని ఎందుకు వదులుకుంటాడు? లహరిని కూడా కలుపుకుని లోపలికి తీసుకుపోతాడు. ఎవరో కూర్చుని రాసిందనుకునేవాడైతే హాయిగా మన పందిట్లో కూర్చుంటాడు. వాడు ఏ రకమో నువ్వు కనిపెట్టాలి. ఇన్ని పుస్తకాలు చదువుతావుగా!"

పెళ్లికి చూసుకున్న హాలు వాళ్లకు అవునో కాదో ఫలానా సోమవారం లోపు చెప్పాలి. ఆ ముందు శనివారం విరెము వాళ్ల ఇంట్లో భోజనానికి పిలిచారు. పెళ్లిచూపులకు పెద్దమనిషిని వెంటబెట్టుకెళ్లినట్టు నన్ను రమ్మంది. ఆనందరావు గారు ఆ రోజే కారు సర్వీసింగుకు ఇవ్వాలన్నారు. ఇచ్చిన మాట కోసం రాముడు అడవికి వెళ్లినంత గంభీరంగా చెప్పారు. కాబట్టి బస్సు.

నాకు మూడు వారాలు గడువు దొరికింది. లైబ్రేరియన్ ఎలైన్ వేరే శాఖల నుంచి కూడా తెప్పించి మొత్తం ఏడు పుస్తకాలు నా ముందు పెట్టింది. భక్తులు రాసినవి, విడిచిపెట్టినవాళ్లు రాసినవి, ఏ పక్షమూ కాని చరిత్రకారులు రాసినవి. ఏడూ చదివాను.

శనివారం ఉదయం ఏడింటికి బోటనీలో సిటీ బస్సు ఎక్కాం. సన్నగా వాన. రాజ్యలక్ష్మి చేతిలో సంచీ, సంచీలో పూర్ణం బూరెలు, ఇంకో చేతిలో స్టీలు ఫ్లాస్కు. అరగంటలో మనుకావ్. అక్కడి నుంచి హామిల్టన్ వెళ్లే పెద్ద బస్సు ఎనిమిదిన్నర దాటాక వచ్చింది. టికెట్ వారం ముందే ఆన్‌లైన్‌లో కొనండి, చవక. ఎడమవైపు కిటికీ తీసుకోవద్దు, నది కుడివైపు బాగా కనిపిస్తుంది అని విని కుడివైపు కూర్చున్నాం. నది రెండు వైపులా కనిపించింది.

డ్రైవరు గురుప్రీత్ అనే పంజాబీ కుర్రాడు. ఫ్లాస్కు చూసి, "ఆంటీ, బస్సులో వేడివి తాగకూడదు" అన్నాడు.

"తాగడానిక్కాదు నాయనా, వియ్యాలవారికి" అంది రాజ్యలక్ష్మి ఇంగ్లిష్‌లో. అతను వెంటనే మా సంచీ తీసుకుని జాగ్రత్తగా పైన పెట్టాడు.

మోటర్‌వే ఎక్కాక, "ఇక చెప్పు, మొదట్నుంచీ" అంది.

చెప్పాను. సుమారు రెండు వందల ఏళ్ల కిందట, అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక రైతు కుటుంబం. ఆ ఇంటి కుర్రాడికి ఒక రాత్రి దేవదూత కనిపించి, మీ ఇంటికి దగ్గర్లోని గుట్టలో బంగారు రేకుల మీద చెక్కిన గ్రంథం పాతిపెట్టి ఉందని చెప్పాడు. కొన్నేళ్ల తర్వాత కుర్రాడు వాటిని తెచ్చుకున్నాడు. పూర్వం ఇజ్రాయెల్ నుంచి అమెరికా ఖండానికి ఓడలో వచ్చిన జనం చరిత్ర అది. ఇదీ భక్తులు చెప్పేది.

"ఇందులో వింతేముంది? మా మేనమామల ఊళ్లో నరసింహస్వామి అట్టాగేగా బయటపడింది. కల్లో కనపడి ఫలానా పుట్ట తవ్వమన్నాడు. తవ్వారు, ఉన్నాడు."

"ఇక్కడ సాక్షులు కూడా ఉన్నారు. రేకులు చూశామని పదకొండు మంది సంతకాలు పెట్టారు."

"పదకొండా! మా పొలం రిజిస్ట్రేషన్‌కి ఇద్దరే."

"ఇప్పుడు ఆ రేకులు లేవు. పని అయ్యాక దేవదూత వెనక్కి తీసుకుపోయాడట."

"అదిగో, అక్కడ తేడా వచ్చింది. మా స్వామి ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. శనివారం శనివారం చూసి రావచ్చు."

బాంబే కొండలు ఎక్కుతుంటే వాన తగ్గింది. ఆ పేరు మన బొంబాయిది కాదు, ఒక ఓడదని నేను చెప్పబోతే, అది తర్వాత, ముందు పుస్తకం కానీ అంది. అనువాదం సంగతి చెప్పాను. కళ్లజోడులా బిగించిన రెండు రాళ్లతో చదివాడని కొందరు, టోపీలో ఒక రాయి వేసుకుని అందులో ముఖం పెట్టి పైకి చెబుతుంటే పక్కనున్నవాళ్లు రాసుకున్నారని కొందరు. అంతకుముందు ఆ కుర్రాడు అలాంటి రాయితోనే భూమిలో నిధులు వెతికేవాడని విమర్శకులు పట్టుకున్నారు.

"అంజనం!" అంది రాజ్యలక్ష్మి, బస్సంతా వినబడేలా. "మా నాయనమ్మ ముక్కుపుడక పోతే తమలపాకులో మసి రాసి చూశారు. పాలేరు తీశాడని చెప్పారు. తర్వాత అది పెరుగు కుండలో దొరికింది."

"మొదట రాసిన నూట పదహారు పేజీలు ఇలాగే పోయాయి. రాసేవాడు భార్యకు చూపిస్తానని ఇంటికి తీసుకెళ్లాడు. మళ్లీ కనబడలేదు."

"నూట పదహారా! చదివింపులు చదివించినట్టు!" చాలాసేపు నవ్వింది. "ఆ భార్యే దాచేసి ఉంటుంది. మొగుడు పొద్దస్తమానం ఎవరింట్లోనో కూర్చుని రాస్తుంటే నేనైనా దాచేదాన్నే."

పుస్తకాల్లో కొందరు చరిత్రకారుల అనుమానం సరిగ్గా అదేనని చెప్పాక ఆమెకు ఈ విషయం మీద గౌరవం పెరిగింది. మిగతావి శ్రద్ధగా వింది. అచ్చు కాని ఎవరిదో నవల కాజేశాడని ఒక వాదం ఉండేది. ఆ నవల తర్వాత దొరికింది గానీ పోలిక సరిపోలేదని చాలామంది ఆ వాదం వదిలేశారు. చదువుకున్న ఒక బోధకుడు చాటుగా రాసిచ్చాడని ఇంకో వాదం. కాదు, కుర్రాడే రాశాడు, చుట్టూ ఉన్న మాటలు, బైబిలు భాష, అమెరికా ఆదివాసులు ఇజ్రాయెల్ సంతతి అని ఆ కాలంలో తిరిగిన ఊహ, ఇవన్నీ కలిపి గొప్పగా అల్లాడు అనేవాళ్లు ఎక్కువ. అబద్ధం ఆడలేదు, తనకు కనిపించిందని తను నిజంగా నమ్మాడు అనేవాళ్లు మరికొందరు. భక్తుల్లో కూడా, ఇది చరిత్ర కాకపోయినా దైవప్రేరణే అనేవాళ్లున్నారు.

"ఇన్ని రకాలా? నేను రెండే అనుకున్నా. ఇప్పుడు వాణ్ణి ఏ గంపలో వెయ్యాలి?"

పక్క వరసలో ఉన్ని టోపీ పెట్టుకున్న పెద్దాయన ఇంతసేపూ వింటున్నాడు. మధ్యమధ్య ఇంగ్లిష్ మాటలు దొర్లుతున్నాయి కదా, విషయం పట్టేశాడు. హంట్లీలో దిగుతూ మా దగ్గర ఆగి, "కుర్రప్పుడు వాళ్ల బడి జట్టుతో రగ్బీ ఆడాను. పుస్తకం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. మనిషిని పడగొట్టే వాళ్ల ట్యాకిల్ మాత్రం ఆకాశం నుంచే వచ్చి పడేది" అని భుజం తడుముకుంటూ వెళ్లాడు.

పదిన్నరకు హామిల్టన్ బస్టాండులో దిగాం. లహరి కారుతో వచ్చింది. ఇక్కడ కారు లేనివాళ్లు కాలు లేనివాళ్లతో సమానం, కాబట్టి ఎవరినైనా రమ్మని చెప్పుకోండి. ఆమె ఫ్లాట్‌లో అన్నం, టమాటా పప్పు తిన్నాం. ఫ్లాట్‌మేట్ ఊళ్లో లేదు, రాత్రికి మాకు ఆ గది.

"అమ్మా, ప్లీజ్. అక్కడ ఇంటరాగేషన్ చెయ్యకు. నాన్‌కి ఎయిటీ దాటాయి" అంది లహరి. నాన్ అంటే విరెము అమ్మమ్మ మేరె. తల్లిదండ్రులు బ్రిస్బేన్‌లో స్థిరపడితే, విరెమును పెంచింది ఆవిడే.

"నేనెందుకు చేస్తానే? పద్మ ఆంటీ చేస్తుంది" అంది రాజ్యలక్ష్మి, నన్ను చూపించి.

మూడింటికి గుడి చూడ్డానికి వెళ్లాం. ఆవరణలోకి ఎవరైనా వెళ్లవచ్చు. పచ్చని కొండ మీద తెల్లటి కట్టడం, సన్నని గోపురం, కిందంతా పూల మళ్లు. బాగుందని ఒప్పుకోవాల్సి వచ్చినందుకు రాజ్యలక్ష్మికి కొంచెం కోపం వచ్చింది. ఛాతీ మీద పేరుపలక పెట్టుకున్న ఒక సమోవా అమ్మాయి, మత ప్రచారకురాలు, నవ్వుతూ ఎదురొచ్చింది. నేను ఊరుకోలేకపోయాను.

"అనువాదం కళ్లజోడుతోనా, టోపీతోనా?"

ఆ పిల్ల తడబడలేదు. "రెండూ అని మాకు చెప్పారు. ఇరవై ఏళ్ల వయసులో మా అమ్మకు టోపీ సంగతి ఎవరూ చెప్పలేదట. నాకు చెప్పారు" అంది. సూటిగా వచ్చిన ఆ జవాబు నాకు నచ్చింది.

అంతలో గుడి తలుపుల్లోంచి ఒక కొత్త జంట బయటికి వచ్చింది. ఫొటోలు, కేరింతలు. పక్కన బెంచీ మీద ఒకావిడ నీలం గౌను, కొత్త టోపీ, ఒళ్లో హ్యాండ్‌బ్యాగుతో కూర్చుని ఉంది. రాజ్యలక్ష్మి వెళ్లి పక్కన కూర్చుంది. పెళ్లికొడుకు తల్లి. సభ్యురాలు కాదు.

"పెళ్లి బాగా జరిగిందా?" అని అడిగింది రాజ్యలక్ష్మి.

"బాగానే జరిగి ఉంటుంది" అందావిడ, టోపీ సర్దుకుని ఫొటోకు లేస్తూ.

రాజ్యలక్ష్మి వచ్చి కారెక్కింది. సీటుబెల్టు పెట్టుకుంటూ, "విన్నావా వదినా? జరిగి ఉంటుందంట" అంది. లహరి అద్దంలోంచి తల్లిని చూసి కారు స్టార్ట్ చేసింది.

ఐదింటికి నాన్ మేరె ఇల్లు చేరాం. గుడికి దగ్గర్లోనే, చెక్క ఇల్లు. వంటింటి కిటికీలోంచి గోపురం కనిపిస్తుంది. ఆ గుడి కట్టేటప్పుడు జీతం లేకుండా పని చేసినవాళ్లలో ఆవిడ తండ్రి ఒకడట. విరెము ఆరడుగుల మనిషి, వాకిట్లోనే వంగి రాజ్యలక్ష్మి కాళ్లకు దండం పెట్టబోయి ఫ్లాస్కును ఢీకొన్నాడు. విరెము మామ టామా కూడా ఉన్నాడు. నాన్ కొడుకే, సంఘం విడిచిపెట్టి చాలా ఏళ్లయింది. మాటలన్నీ ఇంగ్లిష్‌లోనే నడిచాయి, నేను తెలుగులో రాస్తున్నాను.

రాజ్యలక్ష్మి బూరెలు బల్ల మీద పెట్టి, ఫ్లాస్కు మూత తీసింది. గుంటూరు నుంచి తెప్పించుకున్న పొడితో, తెల్లవారుజామున దించిన డికాక్షన్. ఇల్లంతా ఘుమఘుమలాడింది. లహరి రెండు చేతులతో ముఖం మూసుకుంది. అప్పుడు నాకు గుర్తొచ్చింది. మోర్మన్లు కాఫీ తాగరు, టీ తాగరు. ఏడు పుస్తకాల్లోనూ ఆ సంగతి ఉంది. టోపీలోని రాయి గురించి బస్సులో గంటసేపు చెప్పిన నేను, ఒళ్లో కూర్చున్న ఫ్లాస్కు గురించి ఆలోచించలేదు.

"ఈ ఇంట్లో ఇన్నాళ్లకు నా ప్రార్థన ఫలించింది" అంటూ టామా కప్పు తీసుకుని వచ్చాడు.

"నువ్వు ప్రార్థన చేశావా? ఆ అద్భుతానికి నేనే సాక్షి సంతకం పెడతాను" అంది నాన్. రాజ్యలక్ష్మి ముఖం చూసి, ఫ్లాస్కు తన ముక్కు దగ్గరికి తెచ్చుకుని గట్టిగా పీల్చింది. "తాగకూడదు. వాసన గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు."

ప్రార్థన చేసి భోజనానికి కూర్చున్నాం. శనివారం రాజ్యలక్ష్మి మాంసం తినదని గుమ్మడికాయ సూపు, కుమరా అనే కాల్చిన చిలగడదుంపలు, పులిసిన పిండితో చేసిన మావోరీ రొట్టె పెట్టారు. రొట్టె పని చేసేదాన్ని కాబట్టి చెప్తున్నాను, అలాంటి రొట్టె మా బేకరీలో రాదు.

మాట నేను మొదలుపెట్టాల్సిన పని లేకపోయింది. నేను ఏం చదువుతుంటానని నాన్ అడిగింది. చెప్పాను. టామా చెంచా కింద పెట్టాడు.

"ఇందులో చదవాల్సిందేముంది? ఆ కుర్రాడే రాశాడు. పొలం పని తప్పించుకోవడానికి అంతకంటే మంచి ఉపాయం లేదు."

"నువ్వూ పొలం పని తప్పించుకున్నావు. ఒక్క పేజీ రాయలేదే?" అంది నాన్.

నేను ఒక్కో వాదమూ, దానికి ఎదురు వాదమూ చెప్పాను. నాన్ శ్రద్ధగా విని, "గ్రంథంలో ఓడలు కట్టేవాడు ఒకడున్నాడు. సముద్రం మీద వెళ్లి, తిరిగి రాలేదు. ఎందుకు రాలేదు? ఇక్కడికి వచ్చాడు కాబట్టి. మా పూర్వీకుడు" అంది.

"కానీ భాషలూ, జన్యువులూ చూసినవాళ్లు మీ పూర్వీకులు తైవాన్ వైపు నుంచి వచ్చారంటున్నారు."

"అక్కడ ఆగి ఉంటాడు. అంత దూరం వచ్చేవాడు దారిలో భోజనం చెయ్యడా?"

టామాకు కాఫీ పొలమారింది. నాన్ నా వైపు తిరిగింది. "ఏడు చదివానన్నావు. అసలు గ్రంథం చదివావా?"

మొదటి ముప్పై పేజీలు చదివానని చెప్పాను. అదీ తిప్పి తిప్పి చదివాను. ఆవిడ నా పళ్లెంలో ఇంకో ముక్క రొట్టె వేసింది. అది ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

రాజ్యలక్ష్మి ఇక ఆగలేదు. "బాబూ విరెము, నువ్వేమంటావు? దేవుడు పంపిందా, మనిషి రాసిందా?"

విరెము తన పళ్లెం పక్కకు జరిపాడు. "నాన్ చదివి వినిపిస్తే దేవుడు పంపిందే అనిపిస్తుంది ఆంటీ. మామ వాదిస్తే ఆయన చెప్పిందీ సరే అనిపిస్తుంది. ఒక్కణ్ణే చదువుకుంటే, ఎవరు రాసినా ఆ మనిషి దేవుణ్ణి గట్టిగా వెతికాడు అనిపిస్తుంది. అంతకు మించి నాకు తెలియదు. నాన్‌కి ఇది ముందే చెప్పాను."

"పదిహేనో ఏటే చెప్పాడు. నేను ఇంకా వింటూనే ఉన్నాను" అంది నాన్.

రాజ్యలక్ష్మి దిక్కుతోచనట్టు నా వైపు చూసింది. అబ్బాయి ఏ గంపలోనూ పట్టలేదు. దాంతో సూటిగా అడిగేసింది. "పెళ్లి గుడిలోనా, పందిట్లోనా?"

"అమ్మా!" అంది లహరి.

టామా మాకు సాయం వస్తున్నట్టు చెయ్యెత్తాడు. "ఏ గుడీ వద్దు, ఏ పందిరీ వద్దు. నమ్మకాల గొడవే లేకుండా రిజిస్ట్రార్ దగ్గర పది నిమిషాలు. తర్వాత బార్బెక్యూ."

దులపడం ఇక్కడ జరిగింది. "పది నిమిషాలా? మా ఇంట్లో కందిపప్పు ఉడకడానికి అంతకన్నా ఎక్కువ పడుతుంది! ఇరవై ఏడేళ్లు పెంచితే పది నిమిషాల పెళ్లా? నువ్వు దేవుణ్ణి నమ్మకపోతే మానెయ్, పెళ్లినైనా నమ్మవా?" టామా కప్పు పట్టుకుని కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. మా వాడనుకున్నవాడు అలా చేజారిపోయాడు.

నాన్ మేరె నెమ్మదిగా మాట్లాడింది.

"నా పెళ్లి ఆ గుడిలోనే అయింది. నాన్న లోపలికి వచ్చాడు. అమ్మ వేరే చర్చి మనిషి, బయట గడ్డిలో కూర్చుంది. నేను బయటికి వచ్చేసరికి ఒళ్లో గ్లవుజులు పెట్టుకుని ఎదురు చూస్తోంది. ఎలా జరిగింది అని అడిగింది. అక్కడ జరిగేవి బయట చెప్పుకోం. బాగా జరిగింది అన్నాను. తనకు నా పెళ్లి గురించి తెలిసింది ఆ ఒక్క మాటే."

కిటికీలోంచి గోపురం వైపు చూసింది. తర్వాత రాజ్యలక్ష్మి వైపు తిరిగింది.

"ఆ గ్రంథంలో ప్రతి మాటా దేవుడిదేనని నమ్ముతాను. నీ స్నేహితురాలు ఇంకో ఏడు పుస్తకాలు చదివొచ్చినా నమ్ముతాను. కానీ తల్లిని గడ్డిలో కూర్చోబెట్టమని నాకు అందులో ఎక్కడా కనిపించలేదు. నీ పందిరి వేయించు. గుడి సంగతి ఈ పిల్లకు తనంతట తనకు ఎప్పుడైనా అనిపిస్తే చూద్దాం. అనిపించకపోతే దేవుడితో నేను మాట్లాడతాను."

రాజ్యలక్ష్మి లేచి వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మూడు గంటలు పడుతుంది. కూర్చోగలరా?" అంది.

"మాలో ఎవరైనా పోతే మూడు రోజులు పక్కనే కూర్చుంటాం. నీ మూడు గంటలు నాకో లెక్కా?"

"ఆంటీ, నేను ఏ రకమో అడిగారు కదా" అన్నాడు విరెము. "లహరి ఎక్కడ కూర్చుంటే అక్కడ కూర్చునే రకం."

"ఓ మై గాడ్, స్టాప్" అంది లహరి. కానీ నవ్వుతోంది.

ఆదివారం ఉదయం పది దాటాక తిరుగు బస్సు. రాజ్యలక్ష్మి గెలిచి వస్తున్న మనిషిలా ఉంది. ఎక్కిన దగ్గర్నుంచీ పందిరి, పూలు, వంటవాళ్లు. న్గారువాహియా దగ్గర నది దాటాక నేను అడిగాను.

"రాజ్యం, నిన్న ఆవిడ నీకు ఏమిచ్చిందో తెలుసా?"

"మాటిచ్చింది."

"అంతకన్నా పెద్దది. వాళ్ల నమ్మకంలో మామూలు పెళ్లి చావుతో అయిపోతుంది. గుడిలో జరిగిందే చనిపోయాక కూడా నిలుస్తుంది. మొగుడూ పెళ్లాలే కాదు, తాతలు, మనవలు, కుటుంబం మొత్తం అక్కడ కలిసి ఉంటారని ఆ లంకె వేస్తారు. టామా లాంటివాడు గుడి వద్దంటే వాడికి పోయేదేమీ లేదు. ఆవిడ ప్రతి మాటా నమ్ముతుంది. నమ్ముతూనే, తను పెంచిన పిల్లాడి విషయంలో దాన్ని వదిలి నీ పందిట్లో కూర్చుంటానంది."

నా ఏడు పుస్తకాల్లో పనికొచ్చిన సంగతి ఇదొక్కటే కావచ్చు. రాజ్యలక్ష్మి పూల మాట ఆపేసింది. హంట్లీ పొగగొట్టాలు వెళ్లాయి, మెర్సర్ వెళ్లింది. పోకెనోలో బస్సు ఆగితే ఐస్‌క్రీమ్ తింటావా అన్నాను, వద్దంది. కొండలు దిగి ఇళ్లు మొదలయ్యాక ఫోను తీసి హాలు వాళ్లకు ఖాయం చేస్తున్నామని మెసేజ్ పెట్టింది. తర్వాత లహరికి ఫోన్ చేసింది.

"ఏమే, నాన్‌కి కుర్చీ కాదు, పెళ్లికొడుకు పక్కన పీట వేయిస్తున్నానని చెప్పు. పెంచింది ఆవిడేగా." ఫోను ఇంకో చెవికి మార్చుకుంది. "ఇంకోటి విను. నువ్వు పోవాలని నేను అనటంలా. నీకెప్పుడైనా, నీ అంతట నీకు ఆ గుడిలోకి పోవాలనిపిస్తే, నా గురించి ఆగబాక. నేను బయట కూర్చుంటాలే. గడ్డిలో కాదు, కుర్చీ తెచ్చుకుంటా."

అవతల లహరి ఏమందో నాకు వినబడలేదు.

ఆ గ్రంథం ఎలా పుట్టిందని ఇప్పుడు ఎవరైనా అడిగితే, సాక్ష్యాలు చూస్తే ఆ రైతు కుర్రాడి మనసులోంచే పుట్టిందని నాకు అనిపిస్తుంది. వచ్చేటప్పుడు గుమ్మంలో నాన్ మేరెకు ఆ మాట చెప్పాను కూడా. ఆవిడ తన పాత ప్రతి నా సంచీలో పెట్టి, ముప్పై ఒకటో పేజీ నుంచి మొదలుపెట్టమంది. ఇప్పుడు సగం దాటాను. ఎవరు ఏది నమ్ముతారో తెలిస్తే ఎలా నడుచుకుంటారో చెప్పేయవచ్చని మేమిద్దరం బయల్దేరాం. అది మాత్రం తప్పని రూఢిగా తెలుసుకుని వచ్చాం.

పుస్తకాలు తెప్పించిన ఎలైన్‌కు, కారు సర్వీసింగుకు ఇచ్చి మాకు బస్సు చూపించిన ఆనందరావు గారికి, సంచీ పదిలంగా చేర్చిన గురుప్రీత్‌కు, పేరు అడగడం మరిచిపోయిన రగ్బీ పెద్దాయనకు, సమోవా అమ్మాయికి, ఫ్లాస్కు ఖాళీ చేసి మా పరువు నిలిపిన టామాకు, లహరికి, విరెముకు, నాన్ మేరెకు నా కృతజ్ఞతలు. రాజ్యలక్ష్మికి ఇదంతా ముందే చదివి వినిపించాను. ఫోన్ పెట్టేశాక తను బస్సులో కళ్లు తుడుచుకున్న సంగతి ఒక్కటి రాయొద్దంది. ఆ ఒక్క మాట మాత్రం నేను వినలేకపోయాను. అందుకు క్షమాపణలు, మిగతా అంతటికీ కృతజ్ఞతలు.